సైలెన్సర్ ఊడదీసి మళ్లీ బిగించాక ‘పట్ పట్’ శబ్దం వస్తోందా? ఈ చిన్న రింగు దగ్గరే తేడా.. బెండ్ పైపు ప్యాకింగ్ ఎలా వేయాలంటే?

బైక్ సైలెన్సర్ ఊడదీశారు. శుభ్రం చేశారో, రంగు వేయించారో, మార్చిందే తీసేసి పాతది పెట్టారో.. ఏదైతేనేం, మళ్లీ బిగించారు. స్టార్ట్ చేశారు. ఇంజిన్ బాగానే ఉంది. కానీ రోడ్డెక్కి యాక్సిలరేటర్ వదిలేసరికి వెనక నుంచి పట్.. పట్.. పట్! పైగా ముందు చక్రం వైపు నుంచి చిన్నగా ‘టిక్ టిక్’ మంటూ ఇంకో శబ్దం. నిన్నటి దాకా లేనిది ఇవాళ ఎందుకొచ్చింది?

చాలామంది వెంటనే అనుమానించేది ట్యాపెట్లను. షెడ్డుకెళ్లి ట్యాపెట్ సెట్టింగ్ చేయిస్తారు. డబ్బులైపోతాయి, శబ్దం మాత్రం అలాగే ఉంటుంది. అసలు సమస్య ఇంజిన్ హెడ్‌కు, బెండ్ పైపుకు మధ్య ఉండే వేలెడంత రింగు దగ్గర ఉండొచ్చు. మెకానిక్‌లు దాన్ని ‘సైలెన్సర్ ప్యాకింగ్’ అంటారు. కంపెనీ పుస్తకాల్లో ఎగ్జాస్ట్ గాస్కెట్ అని రాస్తారు. పేరు ఏదైనా పని ఒక్కటే.. పొగ బయటికి పోకుండా, గాలి లోపలికి రాకుండా ఆపడం.

ఈ రెండో సగం, అంటే ‘గాలి లోపలికి రాకుండా’ అన్నది చాలామందికి తెలియదు. అసలు కథంతా అక్కడే ఉంది.

లోపలి నుంచి పొగ బయటికి రావాలి కదా.. గాలి లోపలికి ఎలా వెళ్తుంది?

సైలెన్సర్‌లో పొగ కుళాయి నీళ్లలా ఏకధారగా పారదు. దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఎగ్జాస్ట్ వాల్వ్ ఒకసారి తెరుచుకుంటుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర సింగిల్ సిలిండర్ బైక్‌లో నిమిషానికి 3,000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు పొగ దెబ్బ కొడుతుంది. ప్రతి దెబ్బకీ ముందు పీడనం పెరుగుతుంది, వెంటనే దాని వెనకాల పీడనం పడిపోతుంది. ఆ పడిపోయిన క్షణంలో పైపులో చిన్న సందు ఉన్నా బయటి గాలిని లోపలికి లాగేసుకుంటుంది.

ఇప్పుడు యాక్సిలరేటర్ వదిలారనుకోండి. సిలిండర్‌లో మంట సరిగా అంటుకోక కొంత పెట్రోల్ ఆవిరి కాలకుండానే పైపులోకి వచ్చేస్తుంది. మామూలుగా అయితే అక్కడ కాలడానికి సరిపడా ఆక్సిజన్ ఉండదు. ప్యాకింగ్ సందులోంచి తాజా గాలి వచ్చి కలిస్తే మాత్రం వేడి పైపులోనే అంటుకుంటుంది. మీరు వినే ‘పట్ పట్’ అదే. కొందరు కుర్రాళ్లకు ఆ శబ్దం ముచ్చటగా ఉంటుంది, అది వేరే విషయం.

బీఎస్6 బైకులకు ఇంకో చిక్కు

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే కొత్త బైకులకు బీఎస్6 ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. దాంతో మామూలు కమ్యూటర్ బైకులకు కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్, ఆక్సిజన్ సెన్సర్ వచ్చేశాయి. బెండ్ పైపు మీద వైరు తగిలించి బోల్టులా కనిపించేదే ఆ సెన్సర్. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి, పెట్రోల్ ఎక్కువ పోస్తున్నామా తక్కువ పోస్తున్నామా అన్నది ఈసీయూకు చెప్పడం దాని పని.

ప్యాకింగ్ దగ్గర లీకైతే ఏమవుతుంది? బయటి గాలి కలిసి సెన్సర్‌కు ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తుంది. ఈసీయూ ‘పెట్రోల్ చాలట్లేదు’ అనుకుని ఇంకాస్త పోస్తుంది. ఇంజిన్ తప్పేమీ లేకుండానే మైలేజీ తగ్గుతుంది. కొన్నిసార్లు మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ లైటు కూడా వెలుగుతుంది. అప్పుడు సెన్సర్ పోయిందని చెప్పి వేల రూపాయల సెన్సర్ మార్పించుకునేవాళ్లూ ఉన్నారు. సెన్సర్ నిజమే చెబుతోంది, దానికి తెలిసింది అంతే!

ఇప్పుడే ఈ గోల ఎందుకు ఎక్కువైంది?

పెద్ద శబ్దం చేసే మాడిఫైడ్ సైలెన్సర్లపై పోలీసుల డ్రైవ్‌లు పెరిగాయి. పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించే వీడియోలు ఫోన్లలో చూసే ఉంటారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలకు విరుద్ధంగా ఉన్న వాహనం నడిపితే మొదటిసారి 3 నెలల వరకు జైలు, లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. లైసెన్స్‌పైనా 3 నెలల వేటు పడుతుంది.

దాంతో చాలామంది అటక మీద పడేసిన కంపెనీ సైలెన్సర్ దించి మళ్లీ పెట్టుకుంటున్నారు. చిన్న కమ్యూటర్ బైకుల్లో చాలావాటికి బెండ్ పైపు, సైలెన్సర్ కలిపి ఒకే ముక్క. కాబట్టి మార్చిన ప్రతిసారీ హెడ్ దగ్గర జాయింట్ విప్పాల్సిందే. పెద్ద బైకుల్లో బెండ్ పైపు వేరు, వెనక మఫ్లర్ వేరు ఉంటాయి. అక్కడ రెండు జాయింట్లు, రెండు ప్యాకింగులు. ముందుది మార్చి రెండోది మర్చిపోతే శబ్దం మళ్లీ మొదటికొస్తుంది.

ముందు లీకు ఉందో లేదో తేల్చుకోండి

విప్పకముందే కనిపెట్టే మార్గాలున్నాయి. మొదటిది కళ్లతో చూడడం. జాయింట్ చుట్టూ హెడ్ మీద, ఫిన్‌ల మధ్య నల్లటి మసి మరక చిమ్మినట్టు కనిపిస్తే అక్కడ లీకు ఉన్నట్టే.

రెండోది చెవితో. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ‘టిక్ టిక్’ గట్టిగా వచ్చి, అయిదారు నిమిషాలు వేడెక్కాక తగ్గిందంటే ప్యాకింగ్‌నే ఎక్కువ అనుమానించాలి. లోహం వేడికి వ్యాకోచించి సందు కాస్త మూసుకుంటుంది కాబట్టి అలా జరుగుతుంది. వేడెక్కినా అదే లయలో అదే శబ్దం వస్తుంటే అప్పుడు ట్యాపెట్ల సంగతి చూడొచ్చు. నూటికి నూరు శాతం నమ్మాల్సిన పరీక్షేం కాదు గానీ, షెడ్డుకు వెళ్లేముందు ఈ మాట చెబితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

మూడోది సబ్బు నీళ్లు. ఇంజిన్ పూర్తిగా చల్లగా, ఆఫ్‌లో ఉండగానే చేయాలి. జాయింట్ చుట్టూ సబ్బు నీళ్లు చల్లి, సైలెన్సర్ చివర నుంచి ఎయిర్ బ్లోయర్‌తో గాలి కొట్టాలి. సందు ఉన్నచోట బుడగలు వస్తాయి. ట్యూబ్ పంక్చర్ చూసే పద్ధతే ఇది. వేడి పైపు మీద మాత్రం నీళ్లు పోయొద్దు.

ఇక చెయ్యి దగ్గర పెట్టి చూడడం, సైలెన్సర్ చివర గుడ్డతో మూసి చూడడం లాంటివి వీడియోల్లో కనిపిస్తాయి. స్టార్ట్ అయిన అరనిమిషానికే బెండ్ పైపు చర్మం ఊడేంత వేడెక్కుతుంది. ఆ ప్రయోగాలు ఇంట్లో వద్దు. ఏ పరీక్షైనా సరే, ఇంజిన్ నడుస్తుండగా చేస్తే ఆరుబయటే చేయాలి. షట్టర్ వేసిన గదిలో అసలు వద్దు.

విప్పడంలోనే సగం నష్టం!

నిజం చెప్పాలంటే ప్యాకింగ్ వేయడం కష్టమేం కాదు. నట్లు విప్పడమే కష్టం. బెండ్ పైపు ఫ్లాంజ్‌ను హెడ్‌కు పట్టి ఉంచేవి రెండు స్టడ్‌లు. ఇవి ఇనుము. హెడ్ అల్యూమినియం. ఏళ్ల తరబడి వేడి, వాన, బురద. నట్టు స్టడ్‌కు తుప్పుతో అతుక్కుపోతుంది. పానా పెట్టి ఒక్క ఊపున తిప్పితే మూడింట్లో ఏదో ఒకటి జరుగుతుంది.. నట్టు వస్తుంది, లేదా నట్టుతో పాటు స్టడ్ మొత్తం ఊడి వస్తుంది, లేదా స్టడ్ ‘టక్’ మని విరుగుతుంది. మొదటిది అదృష్టం. రెండోది పర్లేదు, మర శుభ్రం చేసి మళ్లీ ఎక్కించొచ్చు. మూడోది జరిగితేనే జేబుకు చిల్లు. విరిగిన ముక్క తీయాలంటే డ్రిల్ చేయాలి, లేదా పైన నట్టు వెల్డింగ్ చేసి తిప్పాలి. అల్యూమినియం హెడ్‌లో మర పోతే కొత్త మర కోసం స్ప్రింగులాంటి ఇన్సర్ట్ వేయాలి. కొన్నిసార్లు హెడ్ విప్పి లేత్ షాపుకు తీసుకెళ్లాల్సి వస్తుంది.

పదుల రూపాయల ప్యాకింగ్ కోసం మొదలుపెట్టిన పని వేలల్లో తేలేది ఇక్కడే.

కాబట్టి తొందరపడకుండా ముందు రోజు రాత్రే నట్ల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయాలి. పొద్దున మళ్లీ ఒకసారి కొట్టాలి. వైరు బ్రష్‌తో బయట కనిపించే మరలు శుభ్రం చేయాలి. తర్వాత పానాతో పావు చుట్టు వెనక్కి, కొద్దిగా ముందుకు, మళ్లీ వెనక్కి.. ఇలా ఆడిస్తూ తీయాలి. బిగుసుకుంటే బలం పెంచకుండా మళ్లీ స్ప్రే కొట్టి ఆగాలి. రెండు వైపులా నోరున్న ఫిక్స్ పానా కంటే రింగ్ పానా గానీ, సాకెట్ గానీ వాడితే నట్టు మూలలు అరగవు.

బీఎస్6 బైక్ అయితే పైపు లాగకముందే ఆక్సిజన్ సెన్సర్ వైరు ఊడదీయడం మర్చిపోవద్దు. పైపుతో పాటు వైరు కూడా లాగేసి తెంపుకున్న సందర్భాలు తక్కువేం కాదు.

లోపల దాక్కున్న పాత రింగు

పైపు ఊడింది. ఇప్పుడు హెడ్‌లోని ఆ గుండ్రటి రంధ్రం, అంటే ఎగ్జాస్ట్ పోర్ట్‌లోకి ఫోన్ టార్చ్ వేసి చూడండి. పాత ప్యాకింగ్ కనిపించకపోవచ్చు. లేదని కాదు, చదునైపోయి, మసి పట్టి, హెడ్‌లో భాగంలా కలిసిపోయి ఉంటుంది. చాలామంది ఇది గమనించకుండా దానిమీదే కొత్త రింగు పెట్టేస్తారు. ఒకదానిమీద ఒకటి రెండు రింగులు! అప్పుడు పైపు పూర్తిగా లోపలికి వెళ్లదు, ఫ్లాంజ్ వంకరగా కూర్చుంటుంది, నాలుగు రోజుల్లో మళ్లీ లీకు. కొత్త ప్యాకింగ్ వేసినా శబ్దం పోలేదని చెప్పేవాళ్ల విషయంలో ఎక్కువసార్లు కారణం ఇదేనని మెకానిక్‌లు చెబుతారు.

పాత రింగు అంచును సన్నటి స్క్రూ డ్రైవర్‌తో గానీ, కొక్కెంలాంటి దాంతో గానీ లేపి తీయాలి. సుత్తితో కొట్టొద్దు. రింగు కూర్చునే మెట్టు అల్యూమినియం, గీత పడితే ఆ గీతే రేపటి లీకు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాతకాలం ప్యాకింగుల్లో రాగి రేకు లోపల ఆస్బెస్టాస్ పీచు ఉండేది. పాత బండి అయితే అది పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. నోటితో ఊదడం, గాలి కొట్టడం చేయకుండా కాస్త నీళ్లతో తడిపి, మాస్క్ పెట్టుకుని తీసి, కవర్లో కట్టి పారేయాలి.

మెట్టు మీద, పైపు అంచు మీద ఉన్న మసిని మెత్తటి వైరు బ్రష్‌తోనో, సన్న ఎమెరీ పేపర్‌తోనో తీసేస్తే చాలు. తళతళలాడాల్సిన అవసరం లేదు, నున్నగా ఉంటే సరిపోతుంది. పోర్ట్ లోపల గుడ్డ కుక్కి పని చేయడం మంచిదే. ఆ గుడ్డను తర్వాత తీయడం ఇంకా మంచిది!

పాత ప్యాకింగ్ మళ్లీ వాడొచ్చా?

సూటిగా చెప్పాలంటే వద్దు. ఈ రింగు పని చేసేదే నలగడం వల్ల. నట్లు బిగిస్తుంటే మెత్తటి లోహం నలిగి, హెడ్‌లో, పైపులో ఉన్న ఎగుడుదిగుళ్లలోకి ఒదిగిపోతుంది. ఒకసారి ఒక ఆకారంలోకి నలిగాక మళ్లీ అదే చోట, అదే కోణంలో కూర్చోబెట్టడం దాదాపు అసాధ్యం. రాగికి ఇంకో గుణం ఉంది.. నలిగేకొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడింది మళ్లీ నలగదు.

అయితే పాత మెకానిక్‌లకు ఒక చిట్కా తెలుసు. మొత్తం రాగితో చేసిన గట్టి రింగు అయితే దాన్ని గ్యాస్ మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఇనుమును కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, రాగి మాత్రం నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుంది. స్పేర్ దొరకని పాత బళ్లకు ఇది నిజంగా పనికొచ్చే పద్ధతే. కానీ ఇప్పుడు వచ్చే ప్యాకింగుల్లో చాలావరకు రాగి రేకు మధ్యలో వేరే పదార్థం నింపినవి. వాటిని కాలిస్తే పాడైపోతాయి. మీ మోడల్‌కు సరిపోయే కొత్త రింగు దొరుకుతున్నప్పుడు ఈ తిప్పలెందుకు?

సైజు విషయంలో మాత్రం రాజీ వద్దు. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటే లోపల అటూఇటూ ఆడుతుంది. పాత రింగు చేత్తో పట్టుకుని షాపుకు వెళ్లడం సులువైన దారి. కాకపోతే నలిగిన రింగు మందం తక్కువగా కనిపిస్తుంది కాబట్టి మోడల్, తయారైన సంవత్సరం కూడా చెప్పాలి.

పేస్ట్ పూస్తే సరిపోదా?

అసలు వాదన ఇక్కడే. ఎర్ర సిలికాన్ ట్యూబు తెచ్చి చుట్టూ పూసేయడం, ఎపాక్సీ పుట్టీ పిసికి అతికించడం, సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టడం, కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి పెట్టడం.. మన రోడ్ల మీద ఇవన్నీ జరుగుతూనే ఉన్నాయి.

లెక్క చూడండి. షాపుల్లో దొరికే హై టెంపరేచర్ సిలికాన్‌లలో ఎక్కువభాగం తట్టుకునేది దాదాపు 300 నుంచి 350 డిగ్రీల సెల్సియస్ వరకే. హెడ్ నుంచి బయటికొచ్చే పొగ వేడి, లోడ్ మీద నడుస్తున్నప్పుడు 600 డిగ్రీలు కూడా దాటుతుంది. అంటే ఆ సిలికాన్ కాలి, పెళుసుబారి రాలిపోతుంది. ఎపాక్సీ పుట్టీ అయితే అంతవరకూ కూడా ఆగదు. రాలిన ముక్కలు పైపులోకి పోతే క్యాటలిటిక్ కన్వర్టర్ జాలీలో ఇరుక్కోవచ్చు. పైగా కొన్ని రకాల సిలికాన్‌ల నుంచి వచ్చే ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను పాడు చేస్తుంది. ట్యూబు మీద ‘సెన్సర్ సేఫ్’ అని రాసి ఉందో లేదో చూడమనేది అందుకే.

అయితే పేస్ట్ అనేదే పనికిరాదా అంటే అలా కాదు. ఎగ్జాస్ట్ పేస్ట్, ఫైర్ సిమెంట్ పేర్లతో వేరే రకం దొరుకుతుంది. అది సిమెంట్‌లా గట్టిపడి చాలా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. బెండ్ పైపు, మఫ్లర్‌లోకి దూరే స్లిప్ జాయింట్ దగ్గర, సైలెన్సర్ మీద పడిన చిన్న తుప్పు రంధ్రం దగ్గర దాన్ని వాడతారు. హెడ్ దగ్గర మాత్రం రింగే పెట్టాలి. రింగు చేయాల్సిన పని పేస్ట్ చేయలేదు.

చేతికి నలగని గ్రీజు ముక్క మాత్రం ఒకటి పనికొస్తుంది. కొత్త రింగును పోర్ట్‌లో పెడితే కింద పడిపోతూ ఉంటుంది. రెండు మూడు చోట్ల చుక్కంత గ్రీజు రాస్తే పైపు పెట్టేదాకా అతుక్కుని ఉంటుంది. తర్వాత ఎలాగూ కాలిపోతుంది.

బిగించే వరస తప్పితే కొత్త ప్యాకింగ్ కూడా వృథా

ఎక్కువమంది చేసే పొరపాటు.. ముందు వెనకవైపు సైలెన్సర్ బోల్టు బిగించేసి, తర్వాత ముందుకు రావడం. అలా చేస్తే పైపు ఒకవైపు లాగి ఉంటుంది. ముందు ఫ్లాంజ్ ఎంత బిగించినా రింగు మీద ఒకవైపే ఒత్తిడి పడుతుంది.

సరైన పద్ధతి ఏంటంటే, రింగు పెట్టాలి, పైపు మెల్లగా లోపలికి తోయాలి. కొన్ని పాత మోడళ్లలో ఫ్లాంజ్ కింద రెండు అర్ధచంద్రాకారపు కాలర్ ముక్కలుంటాయి, అవి సరిగా కూర్చున్నాయో లేదో చూడాలి. ముందు నట్లు చేత్తో తిరిగినంత వరకే తిప్పాలి. వెనక బోల్టు కూడా వదులుగానే ఎక్కించాలి. పైపు ఎక్కడా లాగకుండా, తనంతట తాను కూర్చుందని చూశాక ముందు నట్లకు రావాలి. ఈ నట్టు అర చుట్టు, ఆ నట్టు అర చుట్టు. మళ్లీ ఇది, మళ్లీ అది. ఫ్లాంజ్‌కు, హెడ్‌కు మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉండాలి. ముందు పూర్తయ్యాకే మధ్య క్లాంప్, ఆఖరున వెనక బోల్టు.

ఎంత బిగించాలి? మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న లెక్కే అసలు లెక్క. మామూలుగా 6 ఎంఎం స్టడ్‌కు 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, 8 ఎంఎం స్టడ్‌కు 20 నుంచి 25 వరకు ఉంటుంది. పది న్యూటన్ మీటర్లు అంటే ఎంతో అనుకోవద్దు. పట్టుకునే చోటికి 10 సెంటీమీటర్ల దూరం ఉన్న పానా మీద సుమారు 10 కిలోల బరువు వేలాడదీసినంత. అంతే! 6 ఎంఎం స్టడ్‌కు పట్టేది సాధారణంగా పదో నంబర్ పానా. పదో నంబర్ పానా కదా, 10 ఎంఎం బోల్టే అనుకుని బలమంతా చూపిస్తే స్టడ్ చేతికొస్తుంది. టార్క్ రెంచ్ లేకపోతే పొట్టి పానా వాడి, మణికట్టు బలంతోనే బిగించి ఆపేయడం నయం.

స్టడ్ మరలకు కాస్త రాగి రంగు యాంటీ సీజ్ గ్రీజు రాస్తే వచ్చేసారి విప్పడం సులువవుతుంది. అయితే గ్రీజు రాసిన మర సులభంగా తిరుగుతుంది కాబట్టి మామూలు కంటే కొద్దిగా తక్కువే బిగించాలి. ఆ గ్రీజు సెన్సర్ ముక్కుకు మాత్రం అంటనివ్వొద్దు.

స్టార్ట్ చేసేముందు పైపు మీద ఉన్న నూనె మరకలు, వేలిముద్రలు పొడి గుడ్డతో తుడవాలి. లేకపోతే క్రోమ్ మీద అవి శాశ్వతంగా కాలిపోతాయి. మొదటి కొన్ని నిమిషాలు జాయింట్ దగ్గర నుంచి సన్నగా పొగ, కాలిన వాసన వస్తే కంగారు పడక్కర్లేదు, గ్రీజు, స్ప్రే కాలుతున్నాయి. పది నిమిషాల తర్వాత కూడా వస్తుంటే ఆలోచించాలి.

ఒకసారి వేడెక్కి, పూర్తిగా చల్లారాక మళ్లీ పానా పెట్టి చూడాలి. రింగు వేడికి ఇంకాస్త నలిగి నట్లు కొద్దిగా వదులవుతాయి. ఆ కొద్దిగానే బిగించాలి. ఈ రెండో బిగింపు ఎగ్గొట్టడం వల్లే వారం తిరక్కుండా మళ్లీ శబ్దం మొదలవుతుంది. వేడిగా ఉండగా మాత్రం బిగించొద్దు.

కారైతే విషయం ఇంకా సీరియస్

బైక్‌లో లీకైన పొగ గాలిలో కలిసిపోతుంది. కారులో అలా కాదు. బానెట్ కింద మ్యానిఫోల్డ్ దగ్గర లీకైతే ఆ పొగ అద్దం కింద ఉన్న గాలి జాలీ ద్వారా ఏసీ బ్లోయర్‌లోకి, అక్కడి నుంచి క్యాబిన్‌లోకి రావొచ్చు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండడం, కళ్లు తిరగడం, మత్తుగా అనిపించడం దాని లక్షణాలు. ప్రయాణంలో అందరికీ ఒకేసారి తలనొప్పి మొదలై, కారు దిగి కాసేపు తిరగ్గానే తగ్గిందంటే ఎండ వల్లో, ఘాట్ రోడ్డు వల్లో అని కొట్టిపారేయొద్దు. కారు ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి, అందరూ బయటికి రావాలి. ఎవరైనా స్పృహ తప్పినట్టు ఉంటే 108కి ఫోన్ చేయాలి.

కారు పనితీరులోనూ తేడా ఉంది. ఒక్క రింగు కాకుండా పొడవాటి గాస్కెట్ ఉంటుంది, చాలావాటిలో సన్నటి స్టీలు రేకులు పొరలు పొరలుగా పేర్చి చేస్తారు. ఎందుకంటే అల్యూమినియం హెడ్ వేడికి వ్యాకోచించేది పోత ఇనుము మ్యానిఫోల్డ్ కంటే దాదాపు రెట్టింపు. స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ రెండూ ఒకదానిమీద ఒకటి వెంట్రుకవాసి జరుగుతాయి. స్టీలు పొరలు ఆ జరుగుడును తట్టుకుంటాయి. సిలికాన్ పూసి గట్టిగా అతికించేస్తే చిరిగిపోతుంది.

ఏళ్లు గడిస్తే మ్యానిఫోల్డ్ కూడా వంకరపోతుంది. అందుకే కొత్త గాస్కెట్ వేసేముందు మ్యానిఫోల్డ్ ముఖం మీద తిన్నటి స్టీలు స్కేల్ నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూస్తారు. పరిమితికి మించి దూరితే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి. బిగించేటప్పుడు మధ్య నట్ల నుంచి మొదలుపెట్టి రెండు చివరలకు వెళ్లాలి. అదీ ఒకేసారి కాదు, రెండు మూడు విడతల్లో. చివరల నుంచి మొదలుపెడితే గాస్కెట్ మధ్యలో ఉబ్బి అక్కడే కారుతుంది.

బైక్ పని అయితే ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు. కారు మ్యానిఫోల్డ్ పని మాత్రం షెడ్డుకే వదిలేయడం మంచిది. బైక్ విషయంలో కూడా నట్టు మూలలు అరిగిపోయినా, స్టడ్ మెలి తిరుగుతున్నట్టు చేతికి తెలిసినా అక్కడితో ఆపేయాలి. మొండి స్టడ్ ముక్క బయటికి ఎంత మిగిలి ఉంటే మెకానిక్ దాన్ని పట్టుకుని తీయడం అంత తేలిక. హెడ్ లోపలికి విరిగాక తీసుకెళ్తే బిల్లు మారిపోతుంది.

షెడ్డులో చేయిస్తుంటే పాత ప్యాకింగ్ బయటికి తీసి చూపించమని అడగండి. చూపించలేకపోతే అది ఇంకా హెడ్ లోపలే ఉన్నట్టు లెక్క.